పాదరక్షణము



నల్లగొండ, పాలమూరు సీమలయందలి ఎఱ్ఱచెల్కలు, గుట్టరాళ్లు, తుమ్మముండ్లు మన పాదములకు చిన్ననాటినుండి పరిచితములే. ఎద్దుకాళ్లకు నాలలు కొట్టింతుము. బండియిరుసునకు కందెన పెట్టుదుము. ఇంటిల్లిపాదికి కూడు పెట్టిన పాదమును మాత్రము ముల్లు గ్రుచ్చుకొన్ననాడు తప్ప తిరిగి చూడము.

ఇంగ్లాండు, అమెరికాదేశములలో పొడియాట్రిస్టులను ప్రత్యేక పాదవైద్యులు కలరు. మనయొద్ద ఆ పనిని శస్త్రవైద్యులును చర్మవైద్యులును చేయుచున్నారు. మహబూబునగరమున 2016లోను, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి గనుక అట్టి వైద్యులు మనకు చేరువైనారు.

మొదట మడమల పగుళ్లు. చర్మము ఎండి దళసరియైనచో సాగజాలదు. దేహభారము పడగానే అంచులవెంబడి చీలును. పాదములను గోరువెచ్చని నీటిలో పావుగంట నాననిచ్చి, గరుకురాతితో మెల్లగా రుద్ది, చెమ్మ ఆఱకమునుపే వాసెలీను పట్టింపవలెను. కొందఱు పగుళ్లలో నల్లజీడి రసము పోయుదురు. అది చర్మమును బొబ్బలెక్కించి పగులును పుండు చేయును.

ఆనెకాయకు వేరు కలదని తలచి కత్తితో త్రవ్వింతురు. దానికి వేరు లేదు. ఒకేచోట ఒత్తిడి కలుగుటచే చర్మము గట్టిపడి మేకువలె లోనికి దిగును. వైద్యుడు పైపొరలను చెక్కి, మెత్తపఱచు మందుపట్టీ వేయును. ఒత్తిడి చేయు చెప్పును మార్చనిచో ఆనె మరల వచ్చును. మధుమేహము గలవారు అట్టి పట్టీని తమంతట వేసికొనరాదు.

నాగార్జునసాగరము ఎడమకాలువ క్రింద వరిమళ్లలో దినమెల్ల నిలుచువారికి వ్రేళ్ల సందులు నాని, తెల్లబడి, దురదపెట్టును. సాయంకాలము కడిగి, సందులు పొడిగా తుడిచి, వైద్యుడిచ్చిన లేపనమును దురద పోయిన పిమ్మటను చెప్పినన్నాళ్లు వ్రాయవలెను. వలసపోయి కట్టడములలో పనిచేయు పాలమూరు కూలీలు తడిసిమెంటులో ఒట్టికాళ్లతో నిలువరాదు. దాని సున్నపుగుణము చర్మమును కాల్చును. మంట ఆలస్యముగా తెలియును.

ముల్లు విఱిగినచో పూర్తిగా తీయించి, ధనుర్వాతము రాకుండ సూదిమందు వేయించుకొనవలెను. ముల్లుతో చొచ్చిన సూక్ష్మజీవులు కొన్నియెడల ఏండ్లు గడచిన పిమ్మట పాదమును వాపెక్కించి, రంధ్రములగుండ గింజలవంటి రేణువులను వెడలించును. మదుర పట్టణము పేరిట దీనిని మదురపాదమందురు.

ఇవి కంటికో నొప్పికో తెలియు వ్యాధులు. తెలియకుండ వచ్చునది వీనికంటె భయంకరము. మధుమేహము చిరకాలమున్నచో పాదముల నరములు చెడి స్పర్శ తొలగును. రక్తనాళములు సన్నగిల్లుటచే పుండు మానదు. చెప్పులోని రాయి దినమెల్ల నలిపినను రోగి యెఱుగడు. నొప్పి దేహమునకు కావలికారు. కావలికారు లేని చేనివలె స్పర్శలేని పాదము పాడగును.

ఈ సత్యమును కుష్ఠరోగుల పాదములు నేర్పినవి. 1946లో వెల్లూరు వైద్యకళాశాలకు వచ్చిన పాల్ బ్రాండు అను శస్త్రవైద్యుడు, ఆ రోగుల కాలిపుండ్లు మాంసము దానంతట కుళ్లుటచే గాక, స్పర్శలేనిచోట ఒత్తిడి నలుపుటచే పుట్టుచున్నవని చూపెను. మెత్తని అడుగుగల చెప్పులతో ఆ ఒత్తిడిని తగ్గించెను. నేడు మధుమేహ రోగులకును అదియే మార్గము. వైద్యుడు సన్నని నైలాను పోగును అరికాలికి ఆనించి స్పర్శ పరీక్షించును. చచ్చిన చర్మమును తొలగించును. పుండుపై బరువు పడకుండ పట్టు వేయును. రక్తప్రసారమును, చక్కెరను చూచి మందులిచ్చును. ఈ పని సకాలమున జరిగిన కాలు దక్కును.

ఇంట చేయవలసినది స్వల్పము. ప్రతిరాత్రి అరికాళ్లను అద్దములోనైనను, మనుమనిచేతనైనను చూపించుకొనవలెను. తొడుగుకొనుటకు ముందు చెప్పు దులుపవలెను. వేడినీటిని కాలితో గాక మోచేతితో పరీక్షింపవలెను. చలికాలమున నెగడియొద్ద కాళ్లు కాచుకొనరాదు. చైత్రమాసమున సలేశ్వరము జాతరకు రాళ్లబాటలో నడచు మధుమేహులు, చెప్పులను గుడివాకిట విడిచినను భక్తికి లోటు లేదు.

పుండు నలుపెక్కినను, వాసన పుట్టినను, జ్వరము వచ్చినను ఆనాడే ఆసుపత్రికి పోవలెను. “నొప్పి లేదు గదా, చూతములే” అని మన యూళ్లలో తఱచుగా వినుచుందుము. ఆ నొప్పి లేకపోవుటయే ఆపదకు గుర్తు.

పెద్దలారా! ఊరిలో మీ మాటకు విలువ కలదు. మధుమేహమున్న ఇరుగుపొరుగువారిని ఈ రాత్రియే అరికాళ్లు చూచుకొనుమని చెప్పుడు. అంతకుముందు మీ పాదములను మీరు చూచుకొనుడు.