చార్జరు పెట్టక ముందు



యానాం అడవిపొలంలో ఒక ఇల్లు ఉన్నదనుకుందాము. ఆ ఇంటి కుమారుడు ఈ నగరంలో ఉద్యోగి. పెద్దపండుగకు ఊరు వెళ్లి తండ్రి బీరువా సర్దుతుండగా, పాత పంచెల అడుగున చిన్న సంచీలో ఒక క్యాలిక్యులేటరు దొరికింది. హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ 1975లో విడుదల చేసిన హెచ్‌పీ-25 అది. విదేశంనుంచి వచ్చిన బంధువు ఆ రోజుల్లో తెచ్చి ఇచ్చినది. క్లార్క్ టేబుల్స్, స్లైడ్ రూలు పక్కన పెట్టి, ఓవర్సీరుగా పనిచేసిన తండ్రి ఆ యంత్రంతోనే కాలువ పనుల కొలతలు కట్టాడు. సంచీలో చార్జరు కూడా ఉన్నది. పని చేస్తుందో లేదో చూద్దామని కుమారుడు ఆ చార్జరును గోడకు గుచ్చబోతాడు. ఎవరైనా చేసేది అదే. అంతవరకు బాగున్న యంత్రం ఆ ఒక్క క్షణంలోనే శాశ్వతంగా మూగబోవచ్చు.

ఈనాటి ఫోనుకు అలవాటుపడినవారికి ఈ మాట నమ్మశక్యంగా ఉండదు. ఫోనులో ఎంత విద్యుత్తు తీసుకోవాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించే చిప్పు ప్రత్యేకంగా ఉంటుంది. హెచ్‌పీ-25లో అటువంటి కాపలాదారు లేడు. దాని చార్జరు లోపల ఉన్నది ప్రధానంగా ఒక ట్రాన్స్‌ఫార్మరు. అది ఏసీ విద్యుత్తును తగ్గించి పంపుతుంది, యంత్రంలోని డయోడు దానిని ఒకే దిశకు మళ్లిస్తుంది. అలా వచ్చిన ఓల్టేజీ, ఎదురులేకుండా వదిలితే, యంత్రం భరించగలిగినదానికంటె చాలా ఎక్కువ. దానిని అదుపులో ఉంచేవి రెండు నికెల్-కాడ్మియం సెల్లులు. ఒక్కొక్కటి సుమారు 1.2 ఓల్టులది. చార్జరునుంచి వచ్చే ప్రవాహాన్ని అవి తమలోనికి తీసుకుంటూ, ఓల్టేజీని మూడుకు లోపే పట్టి ఉంచుతాయి.

గోదావరి ఒడ్డున పుట్టినవారికి దీనిని వివరించడం సులభం. ఏటిగట్టు ఉన్నంతకాలం వరద ఏటిలోనే పోతుంది, గండి పడితే ఊరిమీదికి వస్తుంది. ఈ యంత్రంలో సెల్లులు నీటి కుండలు మాత్రమే కావు, గట్టు కూడా అవే. సెల్లులు తీసివేసి చార్జరుమీద నడపరాదని తయారీదారు ఇచ్చిన పుస్తకమే హెచ్చరించింది. ఆ పుస్తకం సంచీలో ఉండదు, సాధారణంగా పోయేది అదే.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. సెల్లు పెట్టెలో కనిపించినంత మాత్రాన గట్టు ఉన్నట్టు కాదు. దశాబ్దాలు పడి ఉన్న సెల్లు రెండు రకాలుగా చెడుతుంది. లోపల షార్టయిన సెల్లు ఓల్టేజీని కిందికే లాగుతుంది గనుక యంత్రానికి పెద్ద ప్రమాదం లేదు, పని మాత్రం చేయదు. లోపలి ద్రవం ఎండిపోయిన సెల్లు ప్రవాహాన్ని తీసుకోదు. అది ఉన్నా లేనట్టే. మూడో ప్రమాదం సెల్లుది కాదు, దానిని తాకే రేకుది. పాత సెల్లునుంచి కారిన క్షారం రేకులమీద తెల్లగానో పచ్చగానో చిలుముగా పేరుకుంటుంది. గౌతమి పక్కన, ఉప్పుగాలి తగిలే యానాం వంటి చోట ఇత్తడి చెంబే నెల తిరగకముందే నల్లబడుతుంది, పలుచని రేకు సంగతి చెప్పనక్కరలేదు. కొత్త సెల్లు వేసినా ఆ చిలుము మధ్యన ఉంటే గట్టుకు గండి ఉన్నట్టే.

కాబట్టి మరమ్మతు గోడ ప్లగ్గు దగ్గర మొదలు కారాదు, రేకుల దగ్గర మొదలు కావాలి. పాత సెల్లులను తీసివేసి, చేతికి అంటకుండా విడిగా ఉంచాలి. కారినది క్షారం గనుక నిమ్మరసంగాని వినిగర్‌గాని దూదికి అద్ది తుడిస్తే విరుగుతుంది. తరువాత తడిదూదితో ఒకసారి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో మరొకసారి తుడిచి బాగా ఆరనివ్వాలి. ఉప్పుకాగితంతో గట్టిగా రుద్దడం చాలామంది చేసే పొరపాటు. పైపూత లేచిపోతే మరుసటి వానాకాలానికే చిలుము రెట్టింపవుతుంది.

ఆ తరువాత కొత్త సెల్లులు. వాటిని బయట వేరే చార్జరులో నింపి, యంత్రంలో వేసి మీట జరపాలి. పాత చార్జరు ఇంకా సంచీలోనే ఉండాలి. ఎర్రని అంకెలలో 0.00 వెలిగితే ముఖ్యమైన చిప్పులు బ్రతికి ఉన్నట్టు. ఆ చిప్పులు హ్యూలెట్ ప్యాకార్డ్ తన యంత్రాలకోసమే రూపొందించుకున్నవి, అంగడిలో అడిగితే దొరికే సరుకు కాదు. ఒకటి కాలిపోతే మరొక చచ్చిన యంత్రంనుంచి తీసి అతకవలసినదే.

ఇక్కడ కొందరు మరొక కారణంగా నిరుత్సాహపడతారు. మీటలలో సమానం గుర్తుకు విడిగా మీట కనిపించదు. పాడయిందనో, మీట ఊడిందనో అనుకుంటారు. ఈ యంత్రం లెక్క తీరే వేరు. మొదట 2, తరువాత ఎంటర్ మీట, తరువాత 3, చివరకు కూడిక గుర్తు నొక్కితే 5.00 వస్తుంది. సంఖ్యలు ముందు, చేయవలసిన పని చివర. రెండూ మూడూ కలుపు అని తెలుగువాడు చెప్పే వరుస కూడా ఇదే.

యంత్రం బ్రతికి ఉన్నదని తేలిన పిమ్మట చార్జింగు సర్క్యూటు వంతు. మొదట చార్జరు మీద ముద్రించినది చదవాలి. అమెరికా మార్కెటు కోసం చేసినదైతే 120 ఓల్టులకు మాత్రమే పనికిరావచ్చు. మన గోడలో ఉన్నవి 230. సూది మార్చే అడాప్టరు ఓల్టేజీని మార్చదు. తరువాత, విద్యుత్తు ఏదీ తగలకుండా, సెల్లులు తీసిన యంత్రంలోని డయోడును మల్టీమీటరుతో చూడాలి. ఒక దిశలో సుమారు 0.5నుంచి 0.7 ఓల్టు చూపి, రెండో దిశలో ఏమీ చూపకపోతే బాగున్నట్టు. రెండు దిశలలోను ఒకే తీరుగా కనిపిస్తే దానికి అతికిన ఒక కాలు విప్పి మళ్లీ చూసి, చెడినదని తేలితే మార్చాలి. పక్కనున్న టంకం అతుకులు పగిలాయేమో భూతద్దంతో చూడాలి. ఈ పనికి మల్టీమీటరు, సన్నని టంకం కడ్డీ, ఓపిక చాలు. ఓపికే ఖరీదైనది.

అన్నీ సరిపోయిన తరువాతనే, సెల్లులు లోపల ఉంచి, యంత్రం మీట ఆపి, చార్జరు తగిలించవచ్చు. మల్టీమీటరు ముళ్లు సెల్లుల చివరలమీద ఉండాలి. ఓల్టేజీ 2.5 ప్రాంతంనుంచి మెల్లగా పాకి గంటల మీద 2.8, 2.9 దగ్గర నిలబడితే గట్టు గట్టిగా ఉన్నది. నిమిషాలలోనే 3 దాటితే వెంటనే లాగివేయాలి. నికెల్-కాడ్మియం సెల్లులను వాటి సామర్థ్యంలో పదో వంతు ప్రవాహంతో, అంటే 500 మిల్లీయాంపియర్-అవర్ సెల్లుకు 50 మిల్లీయాంపియర్లతో, 14నుంచి 16 గంటలు నింపడం ఆనాటి పద్ధతి. ఇప్పుడు దొరికే 2000 సామర్థ్యపు నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్లు ఆ ప్రవాహంతో ఒక రాత్రిలో నిండదు, దానిని చూసి సర్క్యూటు పాడయిందని భ్రమపడరాదు.

ఇంత చేసినా, సెల్లులను ఎప్పుడూ బయటనే నింపుకొని, పాత చార్జరును జ్ఞాపికగా దాచుకోవడమే మేలు. మరమ్మతు చేతనైనవారిలో కూడా చాలామంది చివరకు చేసేది ఇదే. ఇందులో నామోషీ ఏమీ లేదు.

అడవిపొలం ఇంటిలో తీసివేసిన రెండు సెల్లులు ఇంకా కిటికీ గట్టుమీదనే ఉన్నాయి. కాడ్మియం విషలోహం. పెరట్లో పాతినా, కాలువలో విసిరినా అది నీటిలో చేరుతుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడినవారు అటువంటి సెల్లులను ఇంటి చెత్తలో కలపకుండా వేరుగా అప్పగించవలెను. కుమారుడు వాటి చివరలకు టేపు చుట్టి, చిన్న డబ్బాలో పెట్టి, తిరుగు ప్రయాణపు సంచీలో వేసుకోవచ్చు. ఈ నగరంలో పొడిచెత్త బండివారికి కాక, ప్రమాదకర వ్యర్థాలు తీసుకొనేచోట వాటిని ఇవ్వాలి. క్యాలిక్యులేటరు మాత్రం ఊళ్లోనే, తండ్రి చేతిలోనే ఉండవచ్చు. ఎంటర్ మీట ఎక్కడున్నదో ఆయన వేళ్లు మరిచి ఉండవు.