పూత ఎందుకు ఆలస్యమవుతుంది?
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను కామర్సు చదివి, బ్యాంకులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. మొక్కల గురించి ఇతనేం చెబుతాడని మీకు అనిపించడం సహజమే. అయితే పంట రుణాల ఖాతాలు చాలా ఏళ్లు రాశాను. చేను ఏ వారంలో ఈనిందన్న దానిమీద బాకీ తీరడం, తీరకపోవడం ఆధారపడడం చూశాను. ఆ కుతూహలంతో చదివి తెలుసుకున్నవి మనవి చేస్తాను.

మన యానాంలో డాబా మీద మల్లె కుండీ పెట్టుకున్నవారు తరచు చెప్పే మాట ఒకటుంది. "ఆకు నవనవలాడుతోందండీ, మొగ్గ మాత్రం లేదు." అని ఊరుకోక ఇంకో చెంచా యూరియా వేస్తారు. చిక్కు అక్కడే ఉంది. యూరియాలో నూటికి 46 వంతులు నత్రజని. అంటే 45 కిలోల బస్తాలో సుమారు 20 కిలోల 700 గ్రాములు. నత్రజని ఆకును, కొమ్మను పెంచుతుంది. అది దండిగా దొరుకుతున్నంత కాలం చాలా మొక్కలు పెరుగుతూనే ఉంటాయి, పూత వెనక్కి పోతుంది. అలాగని పూర్తిగా మానేస్తే లాభమా? అదీ కాదు. కొన్ని మొక్కలు ఆకలి మీద తొందరగా పూస్తాయి గాని పువ్వులు తక్కువ, గింజలు తక్కువ. మరీ లేమి అయితే పూతే రాదు. 1918లో అమెరికాలో క్రాస్, క్రేబిల్ అనే ఇద్దరు టమాటా మొక్కల మీద చేసిన పరిశోధనలో ఇదే తేలింది. నత్రజని మరీ ఎక్కువైనా, మరీ తక్కువైనా కాయలు లేవు. ఆకు తయారుచేసుకున్న పిండిపదార్థానికి, వేరు తెచ్చిన నత్రజనికి పొత్తు కుదిరిన చోటే కాపు వచ్చింది. మా భాషలో జమా ఖర్చు సరిపోవడం అన్నమాట.

కుండీలో మొగ్గ రాకపోతే పోయేది ఒక పూలదండ. పొలంలో అలా కాదు. గోదావరి డెల్టాలో సార్వా వరి ఈని, పాలు పోసుకుని, కోతకొచ్చే రోజులూ తుపాన్ల రోజులూ ఒకటే. 1996 నవంబరు 6 రాత్రి మీలో పెద్దవాళ్లకు చెప్పనక్కరలేదు. పక్కవాడి చేను నల్లగా ఉందని మోతాదుకు మించి యూరియా చల్లితే ఈనిక కొద్ది రోజులు వెనకబడుతుంది, దంటు మెత్తబడి గాలికి పడిపోతుంది, తెగుళ్లూ ఎక్కువే. కౌలు రైతుకి ఆ కొద్ది రోజులే ఏడాది అప్పు. అందుకే నత్రజనిని దఫాలుగా వేసి, ఆఖరి దఫా చిరుపొట్ట దశలో ఆపమంటారు.

భాస్వరం సంగతి వేరు. అది చాలకపోతే పిలకలు తగ్గుతాయి, ఈనికా కోతా రెండూ ఆలస్యమవుతాయి. అందుకే దాన్ని ఆఖరి దమ్ములోనే వేస్తారు. కానీ మట్టిలో ఇప్పటికే సరిపడా ఉంటే, ఇంకో డి.ఏ.పి. బస్తా వేసినంత మాత్రాన పూత ముందుకు రాదు. ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

భాస్వరం పేరు ఎత్తాను గనుక విద్యార్థులకో మాట. మన గోదావరి సీమలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1925లో ఫిస్క్‌గారితో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం కొలిచే పద్ధతి ప్రకటించారు. నీలి రంగు ఎంత చిక్కగా వచ్చిందో చూసి లెక్క కడతారు. మట్టి పరీక్షలోనూ భాస్వరాన్ని ఈ నీలి రంగుతోనే తేలుస్తారు. ఆయన అమెరికా వెళ్లడానికి సాయపడినవాటిలో కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఒకటి.

ఎరువుతో కాని పనులూ ఉన్నాయి. కడియం వైపు నర్సరీలలో చామంతి చూడండి. దానికి రాత్రి పొడవే ముహూర్తం. వేసవిలో ఎంత ఎరువు పోసినా ఆకే వస్తుంది. పగలు, రాత్రి నిడివికీ పూతకీ గల ఈ సంబంధాన్ని గార్నర్, అల్లార్డ్ 1920లో ప్రకటించారు. మల్లెకు కత్తిరింపు, ఎండ కావాలి. మామిడి మరీ విచిత్రం. 1970లలో ఫిలిప్పీన్స్ శాస్త్రజ్ఞుడు రామోన్ బార్బా, నత్రజని ఉన్న పొటాషియం నైట్రేటునే నీటిలో కలిపి ఆకుల మీద కొట్టి మామిడిని పూయించారు. అయితే ముదిరిన కొమ్మే పలికింది, లేత కొమ్మకు పని చెయ్యలేదు. ఏం వేశామన్నదే కాదు, ఎప్పుడు వేశామన్నది కూడా చూడాలి.

కాబట్టి బస్తా కొనే ముందు మట్టి పరీక్ష చేయించండి. 2015 నుంచి భూసార కార్డులు ఇస్తున్నారు గాని, నమూనా సరిగా తీయకపోతే ఆ అంకెలకు విలువ లేదు. ఈ పని సెలవుల్లో పిల్లలు చెయ్యగలరు. ఎరువు వెయ్యక ముందే, గట్ల పక్కన, చెట్ల నీడన, పెంటకుప్ప దగ్గర కాకుండా, పొలంలో ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంలో జానెడు లోతు గుంట తియ్యండి. గుంట అంచు నుంచి పైనుంచి కిందిదాకా పలుచగా మట్టి చెక్కండి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా రండి. నీడన ఆరబెట్టి, గుడ్డసంచిలో పోసి, రైతు పేరు, సర్వే నంబరు, వేయబోయే పంట కాగితం మీద రాసి లోపల పెట్టండి. యూరియా సంచి మాత్రం దీనికి వాడకండి.