కర్మశాలయు కరెంటు కొలతయు
(చాంద్రాయణగుట్టలో జరిగిన విశ్వబ్రాహ్మణ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



వృత్తివిషయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్నాజ్ఞాపించిరి. నేను పండితుడను గాను, ఇంజనీరును గాను. మీవలెనే కర్మశాలయందు ప్రొద్దు గడుపువాడను. కావున మన గోడమీదనే యుండియు, మనము పనిముట్టుగా నెంచని కరెంటు మీటరును గూర్చి మనవి చేసెదను.

మన వృత్తులైదింటికిని కొలతయే ప్రాణము. స్వర్ణకారుడు గురిగింజ యెత్తు బంగారమునకును లెక్క చెప్పును. వడ్రంగి నూలు వాసి తేడా వచ్చిన తలుపును మరల చిత్రిక పట్టును. కంచరి లోహముల పాళ్లు తప్పనీయడు. శిల్పి తాళమానమును విడువడు. కమ్మరి కాగిన యినుము రంగును చూచియే సుత్తె దెబ్బ వేయును. బంగారపు పనివాడు కుంపటి బూడిదను, అంగడి తుడుపును గూడ పాఱవేయక జలగడుగువారి కమ్ముకొనును. అందొక రవ్వ బంగారముండునేమో యని. ఇట్టి మనము కరెంటు బిల్లు వచ్చినప్పుడు మాత్రము “ఈ నెల యెక్కువైనది” అని నిట్టూర్చి కట్టివేయుచున్నాము. ఏ యంత్రము ఏ వేళ నెంత తినెనో యెఱుగము.

మన తాతలనాడు కొలిమికి తిత్తియు బొగ్గును చాలియుండెను. నేడు రంపమునకు, చిత్రికకు, వెల్డింగునకు, మెఱుగునకు, బంగారము కరగు మూసకు సైతము కరెంటే యాధారము. మన చాంద్రాయణగుట్టయందే 220 కిలోవోల్టుల యుపకేంద్రము కలదు. బొగ్గుబస్తా కంటికి కనబడెడిది. ఎంత తఱిగెనో పసివాడును చెప్పగలిగెడివాడు. కరెంటు కంటికి కనబడదు. కనబడని దానికి లెక్క మఱింత యవసరము.

పాత మీటరు నెలకొక్క మాట చెప్పును: ఇన్ని యూనిట్లని. స్మార్టు మీటరు పదునైదు లేక ముప్పది నిమిషముల కొకమాఱు వాడకమును వ్రాసియుంచి, ఆ లెక్కను తనంత తానే పంపిణీసంస్థకు పంపును. వినియోగదారుడును దానిని చేతిఫోనులో చూచుకొనవచ్చును. మన నగరమునకు ఈ మాట క్రొత్తది గాదు. జీడిమెట్ల పారిశ్రామికవాడయందు సుమారు 12 వేల కనెక్షనుల నుద్దేశించి స్మార్టుగ్రిడ్డు ప్రయోగము ఎన్నియో యేండ్ల క్రిందటనే తలపెట్టబడినది. 2025 మార్చి నాటికి దేశమందు 25 కోట్ల స్మార్టు మీటర్లు అమర్చవలెనని 2021లో కేంద్రప్రభుత్వము సంకల్పించెను. గడువు గడచినను పని ముగియలేదు. మన వీధికది వచ్చునాటికి మనము దానిని చదువ నేర్చియుండవలెను.

మీటరు తనంత తాను ఒక్క యూనిట్టునైనను పొదుపు చేయదు. త్రాసు బంగారమును పెంచునా? చూచువాడు చూచినపుడే దానివలన ప్రయోజనము. నా యనుభవమే చెప్పెదను. స్మార్టు మీటరు లేకున్నను, నెల దినములు రాత్రి తాళము వేయునపుడును, ఉదయము తలుపు తెఱచునపుడును పాత మీటరు నంకెలను పుస్తకమున వ్రాసితిని. ఎవ్వరును లేని శాలయందు రాత్రియంతయు కరెంటు ఖర్చగుచుండెను! విచారింపగా, గాలి కంప్రెస్సరు గొట్టమున సన్నని చిల్లి. గాలి తఱిగినప్పుడెల్ల మోటారు తానే లేచి తిరుగుచుండెను. తప్పు నాదే, మీట ఆర్పక పోవుచుంటిని. 5 అశ్వశక్తుల మోటారు నిండుపనిలో గంటకు సుమారు 4 యూనిట్లు తినును. దినమునకొక గంట వృథాగా తిరిగినచో 25 దినములకు 100 యూనిట్లు. యూనిట్టు 8 రూపాయలనుకొన్నను నెలకు 800, ఏటికి 9,600 రూపాయలు. తుడుపులోని రవ్వ బంగారమునకై వెదకు మనము దీనిని గాలికి వదలుచున్నాము. నేను నెల దినములు శ్రమపడి కనుగొన్న దానిని స్మార్టు మీటరు మఱునాడే చూపియుండును.

ఇంకొకటి. యంత్రములన్నిటిని ఒక్కసారిగా నడపిన వేళ డిమాండు మంజూరైన లోడును మించును. రంపము నిలిచిన పిమ్మట వెల్డింగు మొదలిడిన, అదే పని తక్కువ లోడుతో సాగును. మఱియు 2023లో సవరింపబడిన కేంద్ర నిబంధనలు వేళనుబట్టి ధర యుండవలెనని చెప్పుచున్నవి. సౌరవిద్యుత్తు లభించు పగటివేళ ధర కనీసము నూటికి 20 తక్కువ. అధికవాడకపు వేళ వాణిజ్య పారిశ్రామికులకు కనీసము నూటికి 20 ఎక్కువ. వివరములను నిర్ణయించునది రాష్ట్ర విద్యున్నియంత్రణ మండలి. అట్టి ధర మనకు వర్తించునపుడు, సాయంకాలము చేయు పనిని మధ్యాహ్నమునకు జరుపగలవాడే లాభము పొందును.

భయపడువారును కలరు. వారి భయము నిరాధారము గాదు. ముందు చెల్లింపు పద్ధతి వచ్చినచోట సొమ్ము చాలక, మూసలో బంగారము కరగుచుండగా కరెంటు నిలిచిన గతియేమి? కావున నిల్వ సొమ్మును దినదినము చూచుకొనుట నేర్వవలెను. మన హక్కులును తెలిసికొనవలెను. స్మార్టు మీటరు చూపిన డిమాండును బట్టి, అది యమర్చుటకు ముందటి కాలమునకు జరిమానా విధింపరాదని నిబంధన కలదు. ఏడాదిలో కనీసము మూడు మాఱులైనను మించిననే గాని లోడు పెంపరాదు. మీటరు లెక్కపై ఫిర్యాదు చేసినచో, ఐదు దినములలో సరిచూచుటకు వేఱొక మీటరు అమర్చవలెనని 2024లో చేర్చబడినది. అయితే హక్కు కోరువాడు ధర్మము తప్పరాదు. మీటరును తప్పించి తీగ తగిలించుట 2003 నాటి చట్టముచే మూడేండ్ల వఱకు కారాగారశిక్షకు తగిన నేరము. కల్తీ బంగారమమ్మిన వానిని మనము కులమున నెట్లు చూతుమో, వీనిని నట్లే చూడవలెను.

కట్టకడపటి మాట. 2021లో తెలంగాణ ప్రభుత్వము రజక, నాయీబ్రాహ్మణ సోదరుల వృత్తిశాలలకు నెలకు 250 యూనిట్ల వఱకు ఉచిత విద్యుత్తు నొసంగినది. మనకును అట్టి సాయము కావలెనని మనలో పలువురు కోరుచున్నారు, కోరుట న్యాయమే. కాని ప్రభుత్వమువారు “మీ శాల కెన్ని యూనిట్లు కావలెను? ఏ పనికి?” అని యడిగిన దినమున మన యర్జీలో నేమి వ్రాయుదుము? కన్నీటికంటె లెక్కకు బలమెక్కువ. నూఱు శాలల పండ్రెండు నెలల పుస్తకములు మన చేతనున్నచో, త్రోసివేయ నెవ్వరి తరము?

కావున సంఘమువారికి మూడు విన్నపములు. ప్రతి సభ్యుని శాలయందు కరెంటు పుస్తక ముండవలెను. చదువుకొన్న మన యువకులు నెలకొక ఆదివారము వృద్ధుల శాలలకు బోయి, బిల్లును మీటరును చదివి చెప్పవలెను. వచ్చు మహాసభనాటికి ఆ లెక్కలు కూర్చి యర్జీ సిద్ధపఱుపవలెను. దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనుమని పెద్దలు చెప్పిరి గదా!

నా మాటలలో లోపములున్న క్షమింప వేడుచు, విశ్వకర్మ భగవానుడు మన శాలల దీపములను ఆఱనీయకుండుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.