రెండు భాషల మెదడు



మొరప్పూరు అంగడిలో తమిళంలో బేరమాడుతున్న తెలుగింటి తల్లి, మాట ముగియకముందే పక్కనున్న బిడ్డను తెలుగులో మందలిస్తుంది. రెప్పపాటులో జరిగే ఈ మార్పు వెనుక మెదడు చేసే శ్రమ సామాన్యమైనది కాదు. రెండు భాషలెరిగినవారు ఒకదానిలో మాట్లాడుతున్నప్పుడు రెండవది నిద్రపోదు. 'నీళ్ళు' అనబోయేవేళ 'తణ్ణి' కూడా సిద్ధంగానే ఉంటుంది. ఒకదానిని ఎన్నుకొని మరొకదానిని అదిమిపెట్టే పనిలో మెదడు ముందుభాగానికి ముఖ్యమైన పాత్ర ఉంది. అవధానాన్ని నిలిపేదీ, తొందరపాటును ఆపేదీ ఆ భాగమే. ఏళ్ళ తరబడి సాగే ఈ సాధన మెదడుకు మేలు చేస్తుందా?

2007లో కెనడాలోని టొరంటో పరిశోధకులు చేస్తుందనే అన్నారు. అయితే అక్కడి ద్విభాషులలో అనేకులు వలస వచ్చినవారు కావడంతో, ఆ ఫలితం భాషలదో వలస జీవితానిదో తేలలేదు. ఆ సందేహం తీర్చడానికి తగిన చోటు హైదరాబాదు. అక్కడ తెలుగు, ఉర్దూ, హిందీ పుట్టిపెరిగిన వీధిలోనే వినిపిస్తాయి. నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించింది. వారిలో 391 మంది ద్విభాషులు. ఒకే భాష తెలిసినవారికంటే వీరిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా కనిపించాయని 2013లో 'న్యూరాలజీ' పత్రికలో ప్రకటించారు. నిరక్షరాస్యులలో కూడా ఈ తేడా కనిపించింది. కనుక ఈ మేలును చదువు ఖాతాలో వేయలేము. పాఠశాల ఉత్సవంలో చెప్పడానికి కొంత ఇబ్బందికరమైన మాటే ఇది! పక్షవాతం వచ్చిన 608 మందిపై 2016లో వెలువడిన మరో పరిశీలనలో, జ్ఞానశక్తి చెక్కుచెదరనివారు ద్విభాషులలో 40.5 శాతం, ఏకభాషులలో 19.6 శాతం.

భాష ఔషధం కాదు. అది వ్యాధిని ఆపదు. లక్షణాలు పైకి తేలడం ఆలస్యమవుతుందంతే. ఇతర దేశాలలో కొన్ని పరిశోధనలకు ఈ ఫలితం దొరకనూలేదు.

ఇక తల్లిదండ్రుల భయం ఒకటుంది. 2006నాటి చట్టంతో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది, ఇంగ్లీషు ఎలాగూ ఉంది, ఇంట్లో తెలుగు కూడా ఎందుకు, పసిమెదడుకు బరువు కదా అని. బిడ్డ ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపితే అది గందరగోళమని బెదిరిపోనక్కరలేదు. రెండు భాషల నడుమ పెరిగే పిల్లలలో అది సహజం. బెదరవలసినది ఇంట్లో తెలుగు మాట ఆగిపోయినప్పుడు. హైదరాబాదు పరిశీలనలో చదవడం, రాయడం కొలబద్దలు కావు; నిత్యజీవితంలో ఎదుటివారితో ఆ భాషలో వ్యవహరించగలగడమే కొలబద్ద. ఆ లెక్కన ఓనమాలు రాకున్నా రెండు భాషలలో సంసారం నెట్టుకొచ్చిన అవ్వ ద్విభాషి. తెలుగు పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొని ఆ అవ్వతో తెలుగులో నాలుగు మాటలు ఆడలేని మనుమడు ఆ లెక్కలోకి రాడు.