మందుల షాపులో ముందు సంగతి చెప్పండి
(పాల ఉత్పత్తిదారుల సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక ఫార్మాసిస్టు చేసిన ప్రసంగ పాఠం)



రెండు పూటలా పాలు పితికి కేంద్రంలో పోయవలసిన వారికి, జలుబుకీ ఒళ్లు నొప్పులకీ పట్నం ఆసుపత్రికి వెళ్లాలంటే ఒక పూట పని పోయినట్లే. అందుకని ముందు మందుల షాపుకు వస్తారు. రావడంలో తప్పు లేదు. కాని వచ్చీ రావడంతోనే "విరేచనాలు కట్టడానికి రెండు బిళ్లలివ్వు" అంటారు. ఎవరికి, ఎంత వయసు, ఎన్నాళ్లనుంచి అన్నది చెప్పరు. ఫార్మాసిస్టు దగ్గర సలహా కూడా దొరుకుతుంది, దానికి డబ్బు పుచ్చుకోడు. అయితే ఆ సలహా సరుకు సర్దే కుర్రవాణ్ణి అడగకండి. ఫార్మాసిస్టు ఎవరని అడిగి, ఆయనతోనే మాట్లాడండి.

పసిబిడ్డ విరేచనాల సంగతి తీసుకుందాం. ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లోని నీరు, ఉప్పు పోవడం. అందుకు కావలసింది ఓఆర్ఎస్ పొట్లం. 20.5 గ్రాముల పొట్లం మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. గ్లాసు నీళ్లలో పొట్లమంతా గుమ్మరించినా, సగం పొట్లం రేపటికి దాచినా చెరుపే. వెన్న శాతం కాస్త తగ్గితే కార్యదర్శి గారిని నిలదీసే మీకు కొలత సంగతి నేను చెప్పాలా! కలిపిన నీరు 24 గంటలు దాటితే పారబోయండి. చనుబాలు మాన్పించవద్దు. జింకు బిళ్లలు కూడా అడగండి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. విరేచనాలు కట్టినా ఆపకూడదు.

అట్టపెట్టెల్లో తియ్యటి పానీయాలను ఓఆర్ఎస్ పేరుతో అమ్ముతూ వచ్చారు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీనిమీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ పానీయాలకు ఆ పేరు వాడరాదని ఆదేశించింది. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుందేమో చదివించుకోండి.

జ్వరానికి పారాసిటమాల్ ఇస్తాం. పేర్లు పది, మందు ఒకటే. చాలా జలుబు బిళ్లల్లోనూ అదే ఉంటుంది. తెలియక రెండూ మింగితే కాలేయానికి ముప్పు. ఇంట్లో వాడుతున్న బిళ్లల అట్ట వెంట తెచ్చి చూపించండి. ఎర్రగీత ఉన్న అట్ట డాక్టరు చీటీ లేకుండా ఇవ్వనంటే కోపగించుకోకండి. జలుబుకు యాంటీబయాటిక్ పనిచేయదు.

ఇక పాడివారికి ముఖ్యంగా చెప్పవలసిన జ్వరం ఒకటుంది. ఈసుకుపోయిన గేదె మాయను ఒట్టి చేతులతో తీసినవారికి, పచ్చిపాలు తాగినవారికి బ్రూసెల్లోసిస్ రావచ్చు. జ్వరం వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. రాత్రి చెమటలు, కీళ్ల నొప్పులు, నీరసం. పశువుల పని ఎక్కువై ఒళ్లు నొస్తోందనుకుని వారం వారం బిళ్లలు కొనుక్కుపోతూ నెలలు గడిపేస్తారు. "మా ఇంట పాడి ఉంది, మొన్న గేదె ఈసుకుపోయింది" అని ఒక్క మాట చెబితే చాలు, బిళ్లలతో సరిపెట్టకుండా రక్తపరీక్షకు పంపిస్తాం. డాక్టరుతోనూ ఆ మాటే ముందు చెప్పండి. దీనికి మందులున్నాయి, అయితే వారాల తరబడి వాడాలి. మాయను తీసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి.

కొన్నిటికి మా షాపు మెట్లెక్కవద్దు. గుండెనొప్పి, ఆయాసం, రెండు వారాలు దాటిన దగ్గు, నెత్తురు విరేచనాలు, కళ్లు లోతుకుపోయి తాగలేని బిడ్డ, వీటికి నేరుగా ఆసుపత్రే. కుక్క కరిస్తే పుండును పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకు వెళ్లండి. పసరు, సున్నం పూయకండి.

సాయంత్రం పాలు పోసే వేళ కావస్తోంది. మీ సందేహాలు ఏమైనా ఉంటే అడగండి, చెప్పి సెలవు తీసుకుంటాను.