పిల్లల పళ్లెం, ప్రభుత్వ పద్దు

బిడ్డ మెదడు అతివేగంగా ఎదిగేది తొలి వెయ్యి రోజుల్లో. అప్పుడు తిండి చాలకపోతే ఆ లోటును తరువాత పూడ్చడం కష్టం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదు. దీనికి పేదరికం ఒక ముఖ్య కారణం.

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. రోజుకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది నియమం. కాని ఈ భోజనం బిడ్డ బడిలో చేరాకే అందుతుంది. అప్పటికే ఆ వెయ్యి రోజులు గడిచిపోతాయి.

కనుక 1975లో మొదలైన అంగన్‌వాడీలకు, గర్భిణులకు, మూడేళ్లలోపు పిల్లలకు నిధులు పెంచాలి. ధరలతోపాటు కేటాయింపు పెరగకపోతే పళ్లెంలో పప్పు పలచబడుతుంది. బడ్జెట్ వచ్చినప్పుడు మీరు ముందుగా ఆ పద్దునే చూడండి. తగ్గితే ఎందుకని అడగండి.