నడక రోగికే కాదు, ఇంటిల్లిపాదికీ

(రోగుల కుటుంబ సభ్యుల కొరకు ఆసుపత్రి ఆవరణలో చేసిన ప్రసంగ పాఠము)



మీలో చాలామంది రాత్రంతా సరైన నిద్ర లేకుండా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని వచ్చారు. అందుచేత మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఈ రోజు వ్యాయామము గురించి మాట్లాడమన్నారు. "వ్యాయామం సంగతి రోగికి చెప్పండి సిస్టర్ గారూ, మాకెందుకు?" అని మీరు అనుకోవచ్చు. రోగికి డాక్టరుగారు విడిగా చెబుతారు. నేను మీతోనే మాట్లాడాలని వచ్చాను. ఎందుకంటే రోగి ఇంటికి చేరిన తరువాత ఆయన నడుస్తాడా, మంచానికే అంటిపెట్టుకుని ఉంటాడా అన్నది చాలావరకు మీ చేతులలోనే ఉంటుంది. పైగా రోగి తిన్న వంటే మీరూ తిన్నారు, రోగి ఉన్న ఇంట్లోనే మీరూ ఉన్నారు. ఆయనకు వచ్చిన జబ్బు మీ గడపలో కూడా ఉండవచ్చు.

ముందుగా మా ఇంటి సంగతి చెబుతాను.

మా నాన్నగారు బస్సు డ్రైవరు. తెల్లవారుజామున డ్యూటీ ఎక్కితే రాత్రి దాకా సీటులోనే. బస్సు ఆగిన చోటల్లా ఒక టీ, ఒక బీడీ. వేళకు భోజనం లేదు. రాత్రి పది దాటాక ఇంటికి వచ్చి, కడుపునిండా అన్నం తిని వెంటనే పడుకునేవారు. నేను నర్సింగు డిప్లొమా రెండో సంవత్సరంలో ఉండగా ఆయనకు గుండెపోటు వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు 49. ప్రాణం దక్కింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు, "బీడీ మాన్పించండి, రోజూ కొంచెం కొంచెంగా నడక పెంచండి" అని స్పష్టంగా చెప్పారు.

మేము ఏం చేశామో తెలుసా? ప్రేమకొద్దీ ఆయన్ని కూర్చోబెట్టాము. మంచినీళ్ళు మంచం దగ్గరకే, భోజనం మంచం దగ్గరకే. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన వాకిట్లోకి వస్తే చాలు, "ఎందుకు లేచారు నాన్నా!" అని కేకలు వేసింది నేనే. నర్సు చదువు చదువుతున్నదాన్ని! రోజంతా ఏమీ తోచక ఆయన మళ్ళీ బీడీ పట్టారు. పొట్ట పెరిగింది, షుగరు వచ్చింది. నాలుగేళ్ళ తరువాత రెండవసారి గుండెపోటు వచ్చింది. ఆసుపత్రికి చేరేలోగానే పోయారు.

నడిచి ఉంటే ఆయన తప్పకుండా బ్రతికి ఉండేవారని నేను చెప్పను. ఆ మాట ఎవ్వరూ చెప్పలేరు. కాని డాక్టరుగారు చెప్పిన మందులలో ఒకదాన్ని మేము ఇవ్వలేదు. ఆ మందు పేరు నడక.

డ్రైవరు, కండక్టరు

చాలాకాలం తరువాత నేను ఒక పరిశోధన గురించి చదివి ఆశ్చర్యపోయాను. లండన్ నగరంలో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన తోటివారు కలిసి రెండంతస్తుల బస్సులలో పనిచేసేవారిని పరిశీలించి 1953లో ఫలితములు ప్రచురించారు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టికెట్లు ఇవ్వడానికి రోజంతా మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఇంచుమించు ఒకే రకం జీవితం. అయినా గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువ, కండక్టర్లలో తక్కువ. వచ్చినా కండక్టర్లకు అంత తీవ్రంగా రాలేదు. కాలినడకన, సైకిలు మీద ఉత్తరాలు పంచే తపాలా ఉద్యోగులను, ఆఫీసులో కూర్చుని పనిచేసేవారిని పోల్చి చూసినా ఇదే కనిపించింది.

అయితే కొందరికి ఒక సందేహం కలిగింది: డ్రైవర్లు మొదటినుండి లావుగా ఉన్నవారేమో? యూనిఫారం కొలతలు చూస్తే నిజంగానే డ్రైవర్ల నడుము చుట్టుకొలత ఎక్కువగా ఉంది. కాని లావువారిలోనూ, సన్నవారిలోనూ విడివిడిగా చూసినప్పటికీ డ్రైవర్లకే ముప్పు ఎక్కువగా కనబడింది. ఆ తరువాత ఎన్నో దేశాలలో చేసిన పరిశోధనలు కూడా శరీర శ్రమ గుండెకు రక్షణ అనే తేల్చాయి.

ఒకప్పుడు గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. ఇప్పుడు పరిస్థితి కుదుటపడగానే త్వరగా లేపి, క్రమక్రమంగా నడిపిస్తున్నారు. అందుచేత మీ రోగిని నర్సు లేపి నడిపిస్తుంటే మాపై కోపగించకండి.

నడిస్తే శరీరంలో ఏమి జరుగుతుంది?

మన కండరములు పొయ్యి వంటివి. నడిచేటప్పుడు రక్తంలోని చక్కెరను అవి కట్టెలుగా వాడుకుంటాయి. ఇన్సులిన్ సరిగా పనిచేయని వారిలో కూడా, కదులుతున్న కండరం చక్కెరను తీసుకోగలదు. ఈ మేలు ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. అందుకే వరుసగా రెండు రోజులకు మించి నడక మానవద్దని అంటారు. క్రమం తప్పకుండా నడిచే బి.పి. రోగికి పై అంకె సుమారు 5 నుండి 8 వరకు తగ్గవచ్చు. అది చిన్న సంగతి కాదు. రక్తనాళములు మెత్తబడతాయి, మంచి కొవ్వు కొంత పెరుగుతుంది, నిద్ర బాగా పడుతుంది, మనస్సులో దిగులు తగ్గుతుంది. పెద్దప్రేగు కాన్సరు, స్త్రీలలో రొమ్ము కాన్సరు వచ్చే అవకాశము కూడా తగ్గుతుంది.

ఇవన్నీ తెల్లవారికే అనుకోకండి. మన పొరుగున చెన్నై వైద్యులు 531 మందిని మూడు సంవత్సరములు పరిశీలించి 2006లో ఫలితములు ప్రకటించారు. వీరికి ఇంకా షుగరు రాలేదు గాని, వచ్చే హద్దులో ఉన్నారు. సాధారణ సలహాతో వదిలిన వారిలో 100కి 55 మందికి షుగరు వచ్చింది. రోజూ నడక, ఆహార నియమం పాటింపజేసిన వారిలో 100కి 39 మందికే వచ్చింది. మాత్ర ఇచ్చిన వారిలో కూడా ఇంచుమించు అంతే, 40 మంది. అంటే నడక, ఆహార నియమం కలిసి మాత్రతో సమానంగా పనిచేశాయి.

కాని మనమేం చేస్తున్నాము? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలోని పెద్దవారిలో సగం మందికి చాలినంత శరీర శ్రమ లేదు. పురుషుల కంటే స్త్రీలలో ఈ లోటు ఇంకా ఎక్కువ.

అలవాట్లు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి

మా నాన్నగారి జీవితం మళ్ళీ ఒకసారి చూడండి. కూర్చోవడం, బీడీ, వేళ తప్పిన భోజనం, నిద్రలేమి. ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వచ్చాయి. మంచి అలవాట్లు కూడా అంతే. పొద్దున్నే నడవాలనుకున్నవాడు రాత్రి తొందరగా పడుకుంటాడు. నడిస్తే ఆయాసం తెలిసి, బీడీ ఎంత చెరుపు చేసిందో తనకే అర్థమవుతుంది. బీడీ, ఖైనీ మానేవారికి నాలుక పీకుతున్నప్పుడు లేచి పది నిమిషాలు నడిస్తే ఆ కోరిక కొంతసేపు అణుగుతుంది. ఇది చేసి చూడండి.

అయితే ఒక హెచ్చరిక. నడక పాపపరిహారం కాదు. "పొద్దున నడిచాను కదా" అని బీడీ వెలిగిస్తే, సాయంత్రం సారా తాగితే, ఆ కీడును నడక కడిగివేయదు. నడిచి తిరిగి వస్తూ హోటలు దగ్గర ఆగి గారెలు తినేవారిని కూడా చూస్తున్నాము. అరగంట నడకలో ఖర్చయినది రెండు గారెలతో తిరిగి వచ్చేస్తుంది.

మీరు చెప్పే సాకులు

"సిస్టరమ్మా, రోజంతా ఇంటి పనే, మళ్ళీ వ్యాయామం ఎందుకు?" అని అమ్మలు అడుగుతారు. నిజమే, శ్రమ ఏదైనా లెక్కలోకి వస్తుంది. నాట్లు వేయడం, బండ మీద బట్టలు ఉతకడం, నీళ్ళు మోయడం అన్నీ వ్యాయామమే. పొలం పనికి వెళ్ళేవారికి నేను ఇంకో గంట నడవమని చెప్పను. కాని ఇప్పుడు నీళ్ళకు మోటారు, పచ్చడికి మిక్సీ, బట్టలకు మిషను వచ్చాయి. స్టవ్ ముందు నిలబడితే అలసట వస్తుంది గాని, గుండెకు పని తగలదు. అందుకు గుర్తు ఇది: ఊపిరి కొంచెం వేగంగా ఆడాలి, మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంత వేగమైతే చాలు.

అన్నయ్యలు "టైము లేదు" అంటారు. సందు చివరి కొట్టుకు కూడా మోటారు సైకిలు తీస్తారు. ఒకేసారి అరగంట కుదరకపోతే పది, పది, పది నిమిషాలు నడవండి. భోజనం తరువాత పది నిమిషాల నడక షుగరు ఒక్కసారిగా పెరగకుండా ఆపుతుంది.

"మోకాళ్ళ నొప్పులు" అనే పెద్దవారు, నొప్పి ఎక్కువ కానంత వరకు మెల్లగా, చదునైన నేల మీద నడవండి. కుర్చీలో కూర్చుని ఒక్కొక్క కాలు చాపి, పది లెక్కపెట్టి దించండి. తొడ కండరం బలపడితే మోకాలికి బరువు తగ్గుతుంది.

"ఆడవాళ్ళం రోడ్డు మీద నడిస్తే నవ్వుతారు" అనేవారు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. అత్తాకోడళ్ళు కలిసి వెళ్ళండి. కాలువ గట్టు, బడి ఆవరణ, ఇంటి డాబా, ఏదైనా మంచిదే.

ఎంత చేయాలి?

1. వారానికి 150 నుండి 300 నిమిషములు చురుకైన నడక. అంటే రోజుకు అరగంట చొప్పున కనీసం ఐదు రోజులు. అంత చేయలేనివారు ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. కొంచెమైనా అసలు లేనిదాని కంటే మేలు.

2. వారానికి రెండు రోజులు కండరములకు బలం. చేతులు ఆనించకుండా కుర్చీలో నుండి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు పెట్టి నెట్టడం చాలు.

3. 65 సంవత్సరములు దాటినవారు పడిపోకుండా, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం వంటి సాధన కూడా చేయాలి. పక్కన ఒకరు ఉండాలి.

4. ఎంతసేపూ కూర్చునే ఉండకూడదు. మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయండి.

జాగ్రత్తలు

రోగిని ఎప్పుడు, ఎంత నడిపించాలో డాక్టరుగారిని అడగకుండా మీ అంతట మీరు మొదలుపెట్టవద్దు. గుండెపోటు వచ్చినవారికి, ఆపరేషను అయినవారికి ఇది మరీ ముఖ్యము. జ్వరం ఉన్న రోజు నడక మానండి. షుగరుకు ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడేవారు జేబులో పంచదార పొట్లం పెట్టుకోండి. చెమట, వణుకు, కళ్ళు తిరగడం వస్తే వెంటనే నోట్లో వేసుకోవాలి. షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా నడవకూడదు, ఇంటికి వచ్చాక పాదములు చూసుకోవాలి. ఎండాకాలంలో సూర్యుడు ఎక్కకముందే నడవండి. నడుస్తుండగా గుండెల్లో బరువు, ఎడమ చేతికి గాని దవడకు గాని నొప్పి, విపరీతమైన ఆయాసం వస్తే అక్కడే ఆగి కూర్చోండి, 108కి ఫోను చేయించండి. "గ్యాసేలే" అని సరిపెట్టుకోవద్దు. నడక మొదలుపెట్టామని బి.పి., షుగరు మాత్రలు సొంతంగా ఆపవద్దు.

చివరగా ఒక మనవి

మా వార్డులో పక్షవాతంతో ఉన్న భర్తకు సేవ చేస్తూ ఒక అమ్మ పన్నెండు రోజులు ఉన్నారు. ఒకనాడు కళ్ళు తిరుగుతున్నాయంటే నేను బి.పి. చూశాను. 180/110 ఉంది. "నాకేమిటమ్మా, జబ్బు ఆయనకు కదా!" అన్నారావిడ. అంతకుముందు ఆమె ఎన్నడూ బి.పి. చూపించుకోలేదు. మీరు కూడా ఈ రోజు ఇంటికి వెళ్ళేలోపు వార్డులోని నర్సును అడిగి బి.పి. చూపించుకోండి. టేపుతో నడుము కొలుచుకోండి. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి, షుగరు పరీక్ష చేయించుకోవాలి.

నాన్నగారు పోయిన తరువాత మా అమ్మకు కూడా బి.పి. బయటపడింది. ఆమెను మాత్రం మేము కూర్చోబెట్టలేదు. మాత్ర వేసుకుని, రోజూ తెల్లవారగానే పక్కింటి పిన్నితో కలిసి పాలకేంద్రం దాకా నడిచి వెళ్ళి పాలు తెస్తుంది. ఇప్పుడామెకు 71 ఏళ్ళు. వాన పడిన రోజు వరండాలోనే అటూ ఇటూ తిరుగుతుంది.

మీ రోగి నిద్రపోతున్నప్పుడు ఈ ఆసుపత్రి వరండా ఖాళీగానే ఉంటుంది. ఈ సాయంత్రం పక్క మంచం వారికి ఒక మాట చెప్పి, పది నిమిషాలు నడవండి. ఇంటికి వెళ్ళాక డాక్టరుగారు చెప్పినంత దూరం, మీ రోగి చెయ్యి పట్టుకుని కలిసి నడవండి. "నువ్వు నడు" అని పంపితే ఆయన నాలుగు రోజులకు మానేస్తాడు. "రా, నడుద్దాం" అంటే మానడు.